ఇంజన్‌లో మా బోరు సున్నం

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాతికేళ్లు దాటిన ఎవరినైనా అడగండి, ఒక ఇండికా కథ చెప్తారు. పెళ్లికి మాట్లాడిన ఇండికా, అర్ధరాత్రి నిమ్స్‌కు పరిగెత్తిన ఇండికా, మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో నల్లగా పొగ కక్కుతూ ఎక్కిన ఇండికా. 1998 డిసెంబరులో టాటా వాళ్లు దాన్ని ఇంటిల్లిపాదీ తిరిగే సొంత కారుగా తెచ్చారు. మన దగ్గర అది ట్యాక్సీ అయి కూర్చుంది. డీజిల్ తక్కువ తాగుతుంది, ఐదుగురి బండిలో ఎనిమిది మంది పడతారు, ఏ ఊళ్లో ఆగినా బాగు చేసేవాడు దొరుకుతాడు. 2018లో తయారీ ఆపేశారు కానీ సంతల దగ్గర ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి.

మా నాయిన ఇండికా వీ2, 2005 మోడల్. 2010లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మర్రిగూడ నుంచి మాల్ మీదుగా హైదరాబాద్‌కు తొమ్మిదేళ్లు కిరాయికి తిప్పాడు. నా ఇంజనీరింగ్ ఫీజుల్లో సగం ఆ బండే కట్టింది. తర్వాత నాయిన మెడ పట్టేసింది. పక్క అద్దం చూడాలంటే భుజాలతో సహా తిరగాలి. స్టీరింగ్ వదిలేశాడు. తెల్ల ప్లేటు వేయించి 2020లో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించాం. ఆ గడువు మళ్లీ దగ్గరికొచ్చింది. ఫిట్‌నెస్ చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. బండేమో స్టార్ట్ చేస్తే తెల్ల పొగ, రేడియేటర్ మూత తీస్తే బుడగలు.

చూపించిన మొదటి గ్యారేజీలో పది నిమిషాల్లో తేల్చేశారు: ఇంజన్ ఖతం, తుక్కుకు వేసుకోండి. నాయిన ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక అన్నాడు, "అమ్మేయ్ బిడ్డా. దానిదీ అయిపోయింది, నాదీ అయిపోయింది."

ఆ రెండో మాట వినకపోయి ఉంటే నేను నిజంగానే అమ్మేసేవాణ్ని.

నాది కంప్యూటర్ సైన్స్. ఇంజన్ లోపల చూసింది పుస్తకం బొమ్మల్లోనే. కానీ వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని, షెడ్డు ఖాళీ, నాయిన ఖాళీ. దేవరకొండలో నాయినకు పాత దోస్తు, మెకానిక్ చాచా ఒకాయన ఉన్నాడు. షాపు కొడుకులకు ఇచ్చేసి ఇంట్లో ఉంటున్నాడు. ఆదివారాలు వచ్చి చూస్తానన్నాడు. కూలి వద్దన్నాడు, బిర్యానీ కావాలన్నాడు.

విప్పకముందే రోగం కనిపెట్టాలని నాయిన పట్టు. ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే లూజ్ చేయించాడు. ఒకటోది లూజ్ చేస్తే శబ్దం కుంటింది. నాలుగోదీ అంతే. రెండు, మూడు లూజ్ చేసినా తేడా రాలేదు. "ఇనవడ్తలేదా? ఆ రెండూ పని చేస్తలేవు. నడిమిట్లనే పోయింది" అన్నాడు. నాకు నాలుగుసార్లూ ఒకేలా వినిపించింది.

పెట్రోల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. డీజిల్‌లో ఆ పని గాలిదే. ఇండికాలో గాలిని దాదాపు 22వ వంతుకు నొక్కేస్తారు. ఆ నొక్కుడుకే గాలి కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కుతుంది, అందులోకి డీజిల్ చిమ్మగానే అంటుకుంటుంది. పొద్దున చలిలో సాయానికి హీటర్ ప్లగ్గులుంటాయి, అంతే. అంటే ఆ నొక్కుడు ఎక్కడైనా కారిందా, ఇక మంట లేదు. రింగుల పక్క నుంచి కారవచ్చు, వాల్వుల దగ్గర కారవచ్చు, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉన్న గాస్కెట్ దగ్గర కారవచ్చు. రేడియేటర్‌లో బుడగలు మూడోదాన్నే చూపిస్తున్నాయి.

ఇంజన్ దించడానికి బోరు మోటర్లు తీసేవాళ్ల మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ తెచ్చాం. మా వైపు ఏ ఊళ్లోనైనా అవి దొరుకుతాయి. బోర్లు ఎండిపోవడంలో మాకంత అనుభవం మరి. హెడ్డు బోల్టులు విప్పుతుంటే నాయిన మంచం మీద నుంచే అరిచాడు, "గట్ల గుంజకు! ముందు చివరలవి, నడిమివి ఆఖరుకు." హెడ్డు అల్యూమినియం. ఒకవైపే వదులు చేస్తే వంకర పోతుంది. బిగించేటప్పుడు దీనికి తిరగేసి, నడుమ నుంచి చివరలకు. విప్పిన ప్రతిదాన్నీ ఫోన్‌లో ఫొటో తీశాను. టప్పెట్లు వరస తప్పకుండా కోడిగుడ్ల ట్రేలో పెట్టాను. ఏది ఎక్కడ అరిగిందో అక్కడికే మళ్లీ పోవాలి, అటుదిటు అయితే కుదరదు. ఈ పనిలో అన్‌డూ బటన్ లేదు.

గాస్కెట్ రెండో సిలిండర్‌కూ మూడోదానికీ మధ్య కాలి నల్లగా గీత పడి ఉంది. నాయిన చెవికి దండం పెట్టాను.

కాలడానికి కారణం మాత్రం కిందుంది. బ్లాకు పక్కనుండే గుండ్రటి వెల్చ్ ప్లగ్గులు పీకితే లోపల తెల్లగా, పసుపుగా పొరలు పొరలుగా గట్టి పదార్థం. వేలు పట్టాల్సిన నీటి దారిలో అగ్గిపుల్ల దూరలేదు. అమ్మ చాయ్ ఇవ్వడానికి వచ్చి వంగి చూసింది. "ఇది మన నీళ్ల బగోనెకు పట్టే సున్నమే గదా" అంది.

అంతే. కూలెంట్ డబ్బా కొంటే ఒక కిరాయి లాభం పోతుందని నాయిన ఏళ్ల తరబడి పోసింది మా బోరు నీళ్లే. నీళ్లు వేడెక్కిన కొద్దీ సున్నం పేరుకుంది. సున్నం పేరుకున్న చోట వేడి బయటికి పోలేదు. మర్రిగూడ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. బ్లాకులో పట్టింది ఫ్లోరైడ్ కాదు, కాల్షియం, మెగ్నీషియం. వేరే సంగతి. కానీ బోరు అదే. ఇంజన్ తాగిన నీళ్లే నాయినా తాగాడు. ఆయన పళ్ల మీద పసుపు గీతలు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. మెడ ఎందుకు పట్టేసిందో డాక్టర్ ఎక్స్‌రే చూసి చెప్పాడు. ఇప్పుడు మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు తాగుతున్నాం. ఎముకలో కూర్చున్నది మాత్రం దిగి రాదు.

బ్లాకులోది దిగింది. వేడి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి పోయడం, బుసబుస పొంగడం, పారబోయడం, మళ్లీ పోయడం. నాలుగు రోజులు. నాయిన పక్కనే కుర్చీ వేసుకుని ప్రతిసారీ ఎంత మురికి వచ్చిందో చూసేవాడు. ఆ నాలుగు రోజుల్లో ఆయన నాతో మాట్లాడినంత, నా నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో మాట్లాడలేదు.

అన్నీ ఇంట్లో అయ్యేవి కావు, యూట్యూబ్ చూసి మోసపోకండి. హెడ్డు ఫేసింగ్, వాల్వు సీట్లు మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కనున్న లేత్ షాపులో చేయించాం. పంపు, నాజిళ్లు పంపు షాపుకే ఇవ్వాలి. ఇంట్లో మేం చేసింది కడగడం, కొలవడం, బిగించడం. కొత్త రింగులు ఒక్కొక్కటీ బోరులో పెట్టి మూతుల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూశాం. ఎక్కించేటప్పుడు ఆ మూతులు ఒకే వరసలో పడకుండా తిప్పి పెట్టాడు చాచా. టైమింగ్ బెల్టు వేశాక క్రాంకును పానాతో చేత్తోనే రెండు చుట్లు తిప్పించాడు. ఒక్క పన్ను అటుదిటు పడినా పిస్టన్ వాల్వుకు తగులుతుంది. "చేతికి తగిలితే ఆగుతవ్. సెల్ఫ్ కొట్టినంక తగిలితే ఏడుస్తవ్" అన్నాడు.

స్టార్ట్ చేసే రోజు ముందు పంపు మీది సోలినాయిడ్ వైరు తీసేసి, డీజిల్ పోకుండా, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాం. తర్వాత వైరు పెట్టి, పైపుల్లో గాలి తీసి, హీటర్ ఆన్ చేసి మళ్లీ కొట్టాం. రెండుసార్లు దగ్గింది. మూడోసారి పట్టుకుంది. చాచా చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని మాట్లాడొద్దన్నాడు. నాయిన కళ్లు మూసుకుని విన్నాడు. చాలాసేపటికి, "నాలుగూ కొడ్తున్నయ్" అన్నాడు.

ఫిట్‌నెస్ పాసైంది. వెనక సీలు దగ్గర ఇంకా చుక్క చుక్క ఆయిల్ కారుతోంది, దాని సంగతి చూడాలి. మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా తిప్పి ఆయిల్ మార్చమన్నాడు చాచా. నిన్నటికి 430 అయ్యాయి. ఆదివారం దిండి దాకా పోయి వద్దామని నాయినే అన్నాడు. నేను నడుపుతాను. ఆయన పక్క సీట్లో కూర్చుంటాడు, డిక్కీలో రెండు లీటర్ల కూలెంట్ డబ్బా పెట్టించి.