ఎవరు కడుతున్నారు?

సమ్మర్ క్యాంప్ బ్రోషర్ కూడా ఒక సాహిత్య ప్రక్రియే అనిపిస్తుంది నాకు. ఈ మార్చిలో ఓ పదకొండు చదివాను. అన్నిటిదీ ఒకటే శైలి. క్రియలన్నీ భవిష్యత్ కాలంలోనే: మీ అబ్బాయి నాయకుడవుతాడు, ఆత్మవిశ్వాసం పెరుగుతుంది, ఫోన్‌కి దూరమవుతాడు. వర్తమానంలో ఉండే వాక్యం ఒక్కటే, అదీ చివర్న: సీట్లు నిండిపోతున్నాయి. ఆ పద్నాలుగేళ్ల పిల్లాడు మాత్రం ఎక్కడా నోరు విప్పడు. వాడి గురించి క్యాంపువాళ్లూ, అమ్మానాన్నలూ మాట్లాడుకుంటుంటారు.

నేను చదివింది మా మేనల్లుడి కోసం. అక్కావాళ్లు ఖమ్మంలో ఉంటారు. అక్క ప్రైవేట్ స్కూల్లో టీచర్, బావది మొబైల్ రిపేర్ షాపు. పిల్లాడికి తొమ్మిదో తరగతి అయిపోయింది. "వచ్చే ఏడు టెన్త్. ఇంక వాడికి సెలవులంటూ ఉండవురా. ఈసారి ఎక్కడికైనా పంపు" అంది అక్క. ఆ 'పంపు'లోనే డబ్బు నాదని ఇద్దరికీ తెలుసు. బావ దగ్గర మాత్రం ఆ సంగతి ఎవరం ఎత్తలేదు.

అలవాటు కొద్దీ ఎక్సెల్ షీట్ తెరిచాను. మాదాపూర్‌లో మూడు వారాల కోడింగ్ క్యాంప్, 18,000. ఏడాదంతా నేను చేసే పనిని వాడి సెలవులకి అంటగట్టడం ఇష్టంలేక కొట్టేశాను. జీహెచ్ఎంసీ వేసవి శిబిరాల్లో కొన్ని ఆటలకి 10 రూపాయలు, క్రికెట్, టెన్నిస్ లాంటివాటికి 50. మంచిదే. కానీ ఆట పొద్దున్నే అయిపోతుంది, మిగతా రోజంతా నా ఫ్లాట్‌లో వాడూ వాడి ఫోనూ. మూడోది వికారాబాద్ దగ్గర, అనంతగిరి కొండల్లో ఆరు రోజులు, 16,000. వాళ్లని నాలుగే అడిగాను. ఎంతమంది పిల్లలకి ఒక పెద్దమనిషి ఉంటారు? రాత్రిళ్లు ఎవరు కాపలా? ఆస్పత్రి ఎంత దూరం? మధ్యలో వచ్చేస్తే డబ్బులు తిరిగిస్తారా? మొదటి మూడింటికీ తడుముకోకుండా చెప్పారు. నాలుగోదానికి "ఇవ్వం సార్" అన్నారు. ఆ సూటిదనం నచ్చింది.

మేనల్లుడికి ఫోటోలు పంపి ఫోన్ చేశాను. "బాగుంది మామయ్యా" అన్నాడు. కాస్త ఆగి, "ఎవరు కడుతున్నారు?" అన్నాడు.

"నేనే."

"నాన్నకి తెలుసా?"

పదకొండు బ్రోషర్లలో ఎక్కడా లేని ప్రశ్న.

స్కౌట్ ఉద్యమం మొదలైన తీరు గురించి ఎప్పుడో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. 1907 ఆగస్టులో బేడెన్ పోవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మందో, ఇంకో ఇద్దరెక్కువో అబ్బాయిలతో ఓ ప్రయోగం లాంటి క్యాంప్ పెట్టాడు. ఖరీదైన బడుల్లో చదివేవాళ్లనీ, బోర్న్‌మత్, పూల్ పట్టణాల సామాన్య కుటుంబాల పిల్లల్నీ ఒకే చోట కలిపాడు. ఫీజు మాత్రం అందరికీ ఒకటి కాదు. కలిగినవాళ్లకి ఒక పౌండు, అంటే 20 షిల్లింగులు. మిగతావాళ్లకి మూడున్నర షిల్లింగులు. సామ్రాజ్యం కోసం యుద్ధాలు చేసిన ఆ మనిషి ఆలోచనలన్నీ నాకు మింగుడుపడవు. కానీ ఈ లెక్కలో ఒక మర్యాద ఉంది. లేనివాళ్లకి ఊరికే రమ్మనలేదు, వాళ్ల స్తోమతకి తగ్గ ఫీజు పెట్టాడు. ఒకరి దయ మీద వచ్చినవాడిలా కాకుండా, కట్టి వచ్చినవాడిలా నిలబడే వీలు ఆ పిల్లలకి దొరికింది. ఇప్పటి క్యాంపుల్లో ఫీజు పిల్లల్ని ముందే జల్లెడ పట్టేస్తుంది. 16,000 గుడారంలో 50 రూపాయల పిల్లాడు కనపడడు.

మర్నాడు బావకి నేనే ఫోన్ చేసి ఫీజెంతో దాచకుండా చెప్పాను. అవతల షాపులో ఎవరో ఛార్జర్ బేరమాడుతున్నారు. ఆయన్ని పంపించేసి, "నేను 3,000 వేస్తా. మిగతాది నువ్వు చూసుకో" అన్నాడు బావ.

'వద్దు బావా' అనడం నోటిదాకా వచ్చింది. మన ఇళ్లల్లో అలా అనడమే మర్యాద. కానీ ఇక్కడ ఆ మాట అంటే, కొడుకు వేసవిలోంచి ఆయన్ని పక్కకి జరపడమే. "సరే" అన్నాను. పది నిమిషాల్లో ఫోన్‌పేలో డబ్బొచ్చింది.

క్యాంప్ ఫారంలో 'ఫీజు చెల్లించువారు' అన్నచోట ఒక్క పేరుకే జాగా ఉంది. బావ పేరు రాసి, రసీదు ఫోటో మేనల్లుడికి పంపాను.

వాడు నాయకుడయ్యాడో లేదో చెప్పలేను. ఒళ్లంతా దోమకాట్లతో, ఇద్దరు కొత్త స్నేహితుల నంబర్లతో బస్సు దిగాడు. నన్ను చూసి నవ్వి, ఒక్క నిమిషం మామయ్యా అని, ముందు వాళ్ల నాన్నకి ఫోన్ కలిపాడు.