గాలి మూత

మోటారు అంటే మా సిద్దిపేట వాళ్ళకు ఒకటే మోటారు - బోరు మోటారు. అది కాలిపోవడం, దాన్ని ట్రాక్టరు మీద వేసుకుని పట్నానికి రావడం, వైండింగు దుకాణం ముందు రైతు చెంపకు చేయి చేర్చుకుని కూర్చోవడం - ఇది మేమంతా చిన్నప్పటి నుంచీ చూస్తున్న దృశ్యం. నీళ్ళలో మునిగి నీళ్ళను పైకి తోసే మోటారు తెలుసుగాని, నీళ్ళ మీద పడవను ముందుకు తోసే మోటారు ఒకటున్నదనీ, దానికి కూడా జబ్బులూ వైద్యులూ ఉంటారనీ నాకు నలభై ఆరో ఏట గాని తెలియలేదు.

తెలియకపోవడం నా తప్పు కాదు. పడవ తేలాలంటే ముందు నీళ్ళుండాలి కదా! కోమటి చెరువు కట్ట సింగారించుకొని, అక్కడ బోటు షికారు మొదలైన తరువాత, 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్‌లోకి నీళ్ళు వచ్చిన తరువాతనే మా వాళ్ళకు పడవ అనేది పాఠ్యపుస్తకంలో బొమ్మ కాకుండా పోయింది.

ఇక నా సంగతి. కాలేజీలో తెలుగు చెబుతాను. ఇరవై ఏళ్ళుగా అదే పని కావడం వల్ల నాకొక వృత్తి దోషం పట్టుకొన్నది. ఎవరేం మాట్లాడినా దిద్దుతాను. "వచ్చిండు" అంటే "వచ్చాడు" అంటాను. కూరగాయల అవ్వ "బీరకాయలు శానా మంచిగున్నయి సారూ" అంటే "చాలా బాగున్నాయి అనాలమ్మా" అని సవరించి, ఆ తరువాతనే బేరం మొదలుపెడతాను. "మీతో పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా వ్యాకరణం చూసుకోవలసి వస్తున్నది" అని మా ఆవిడ అనేక పర్యాయాలు విన్నవించుకొన్నది. ఆ వాక్యంలో దోషమేమీ లేదు గనుక నేను పట్టించుకోలేదు.

మాకొక్కడే కొడుకు. ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం. దసరా నుంచి వాడిలో ఏదో మార్పు వచ్చింది. అడిగినదానికి "ఊఁ", "ఊహూఁ" తప్ప జవాబు లేదు. పరీక్షల్లో మార్కులు మెట్లు దిగినట్టు దిగసాగాయి. నేను ఊరుకొంటానా? సెల్‌ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ట్యూషను మార్పించాను. తెల్లవారుఝామున నాలుగింటికి లేపాను. ఇన్ని మందులు వేసినా రోగం తగ్గలేదు సరిగదా, ఆ "ఊఁ" కూడా తగ్గింది.

ఇట్లా ఉండగా సంక్రాంతి సెలవుల్లో ఒక పాత శిష్యుడు బజారులో ఎదురైనాడు. చదువుకునే రోజుల్లో చివరి బెంచీ. తెలుగులో గట్టెక్కడమే కష్టమైంది వాడికి. కాకినాడ వైపు వెళ్ళి, చేపల పడవల మోటార్లు బాగుచేయడం నేర్చుకుని, నాలుగేళ్ళు అక్కడే పనిచేసి, ఈ మధ్యనే ఊరికి తిరిగి వచ్చాడట.

"ఈడ గూడ నీళ్ళొచ్చినయి గద సార్. రేపు ఆదివారం ఓ మోటరు బాగుజేసింది నీళ్ళల్ల ఏసి చూడాలె. తమ్మిని తోల్కొని రాండ్రి, తిరిగొద్దాం" అన్నాడు.

వాడి వాక్యంలో నాలుగు చోట్ల నాలుక దురద పెట్టింది. బజారు కావడం వల్ల తమాయించుకొన్నాను.

ఆదివారం పొద్దున్నే మా ముగ్గురినీ ఊరికి దగ్గరలోనే ఉన్న ఒక చెరువు గట్టుకు తీసుకువెళ్ళాడు. చిన్న ఫైబరు పడవ. దాని వెనక పలకకు బిగించి ఉన్నది మోటారు. పైన తల, మధ్యన పొడుగాటి మెడ, కింద నీళ్ళలో మూడు రెక్కల ఫ్యాను. పడవలోపల కాక వెలుపల తగిలిస్తారు గనుక దీన్ని అవుట్‌బోర్డు మోటారు అంటారట.

దీనికొక కథ ఉన్నది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన ఒకనాటి ఎండలో, తన ప్రియురాలు బెస్ ఐస్‌క్రీము కావాలన్నదని, సరస్సుకు అడ్డంగా తెడ్లు వేసుకుంటూ వెళ్ళి తెచ్చాడనీ, వచ్చేసరికి అది కాస్తా కరిగి నీరైందనీ, ఆ ఉక్రోషం లోంచే పడవ మోటారు పుట్టిందనీ చెబుతారు. కథ ఎంతవరకు నిజమైనా, ఆయన 1909లో మోటార్లు అమ్మకానికి పెట్టిన మాట నిజం. బెస్‌నే పెళ్ళాడిన మాటా నిజం. వ్యాపారం లెక్కలు ఆమే చూసింది. ఆ పేరుతో నూరేళ్ళకు పైగా సాగిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది.

"ఆ రోజుల మోటర్లు వేరు సార్" అన్నాడు శిష్యుడు. పాత రకం టూస్ట్రోకు మోటార్లలో పెట్రోలులోనే నూనె కలిపి పోసేవారట. ఇప్పటి ఫోర్‌స్ట్రోకు వాటిలో నూనె వేరు, పెట్రోలు వేరు. కార్బురేటరు స్థానంలో చిన్న కంప్యూటరు కూర్చుని, ఏ క్షణాన ఎంత పెట్రోలు చిమ్మాలో తానే నిర్ణయిస్తుంది. వేడెక్కితే కూత పెడుతుంది, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. యంత్రం తగిలిస్తే ఏ జబ్బో అంకెలలో చెబుతుంది.

"అయితే ఇక మెకానిక్కు పని ఏమున్నది?" అన్నాను.

"అది చెప్పేది చెప్తది సార్. దానికి తెల్వనిది మనం చూసుకోవాలె."

దానికి తెలియనివి చాలా ఉన్నాయి. మోటారు వెనక నుంచి సన్నని నీటిధార ఒకటి చిమ్ముతూ ఉండాలి. లోపల రబ్బరు రెక్కల ఇంపెల్లరు చెరువు నీళ్ళు తోడి ఇంజనును చల్లబరుస్తున్నదనడానికి అదే సాక్ష్యం. ధార ఆగిందంటే మోటారును వెంటనే ఆపాలి. మన చెరువుల్లో బురదా, ప్లాస్టిక్ సంచులూ ఆ దారికి అడ్డం పడతాయి. ఇక పెట్రోలు. 2025 నాటికి బంకుల్లో పోసేదానిలో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు. అది తేమను పీల్చుకుంటుంది. టాంకులో నెలల తరబడి నిలవ ఉంచితే నీళ్ళు విడిపోయి అడుగుకు చేరతాయి. అనుమానం వస్తే అడుగు పెట్రోలు కొంచెం గాజుసీసాలో పట్టి కాసేపు కదలకుండా ఉంచాలి. నీళ్ళుంటే కింద చార కనిపిస్తుంది. ప్లగ్గు ఊడదీస్తే దాని రంగే సగం కథ చెబుతుంది - గోధుమరంగైతే ఆరోగ్యం, నల్లని మసైతే పెట్రోలు ఎక్కువ మండుతున్నట్టు, తడిగా ఉంటే నిప్పురవ్వ అందనట్టు.

ఇదంతా వాడు చెబుతూ ఉంటే మావాడు వంగి వంగి చూస్తున్నాడు. మాట మాత్రం లేదు.

లైఫు జాకెట్లు తొడుక్కుని పడవ ఎక్కాము. శిష్యుడు గట్టు మీద తాడు విప్పుతున్నాడు. నా కాళ్ళ దగ్గరే ఎర్రని పెట్రోలు టాంకు. మా ఆవిడకు పెట్రోలు వాసన పడదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొన్నది. టాంకు మూత మీద చిన్న మర ఒకటి వదులుగా ఉన్నట్టు తోచింది. వాసన అక్కడి నుంచే కాబోలు అనుకుని, గృహస్థు ధర్మంగా దాన్ని గట్టిగా బిగించి కూర్చొన్నాను.

పడవ బయలుదేరింది. చల్లని గాలి, కొంగల బారు, దూరంగా గుట్టలు. నాలో పద్యం కదలబోతున్న సమయంలో మోటారు దగ్గింది. మళ్ళీ దగ్గింది. నీరసించి ఆగిపోయింది. చెరువు నట్టనడుమ!

వాడు తాళం తిప్పాడు. మోటారు లేచింది, కాస్త దూరం పోయింది, మళ్ళీ దగ్గి పడుకొన్నది. మా ఆవిడ నా చేయి గట్టిగా పట్టుకొన్నది.

"ఆ పైడొప్ప విప్పి చూడరాదూ? లోపల ఏదో చెడిపోయి ఉంటుంది" అన్నాను.

"విప్పుడు ఆఖరుకు సార్. ముందుగాల అడగాలె."

"ఎవర్ని?"

"మోటర్నే."

నిదానంగా మొదలుపెట్టాడు. ముందు ఎర్రని చుట్టల తాడు చూశాడు. నడిపేవాడు నీళ్ళలో పడితే మోటారు ఆగిపోవడానికి వాడి ఒంటికి తగిలించే తాడు అది. దాని క్లిప్పు ఊడితే ఎంతటి మోటారైనా లేవదు. సరిగానే ఉన్నది. గేరు న్యూట్రలులో ఉన్నదా? ఉన్నది. కూత పెట్టిందా? లేదు. నీటిధార చివరిదాకా వచ్చిందా? వచ్చింది. ఫ్యానుకు తీగ గాని, వల ముక్క గాని చుట్టుకుందా? లేదు.

"టక్కున ఆగితే నిప్పు దిక్కు చూడాలె. దగ్గి దగ్గి ఆగితే పెట్రోల్ దిక్కు చూడాలె" అని, మావాడి వైపు తిరిగాడు. "తమ్మీ, టాంకు కాడికెల్లి మోటరు దాక పైపు ఎంబడి చూడు. ఏం కనబడ్తుందో చెప్పు."

మావాడు లేచి వంగి చూశాడు. టాంకుకూ మోటారుకూ మధ్య పైపులో కోడిగుడ్డంత రబ్బరు బల్బు ఒకటి ఉంటుంది. బయలుదేరే ముందు దాన్ని పిసికి పెట్రోలు ఎక్కిస్తారు. వాడు దాన్ని పట్టి చూశాడు. మూడు నెలల తరువాత నా చెవిన పడ్డ మొదటి పూర్తి వాక్యం ఇది:

"అన్నా, గీ బల్బు సప్పబడ్డది. టాంకు గూడ లోపటికి గుంజుకపోయింది."

నా నాలుక పైకి లేచింది. "చప్పబడింది, లాక్కుపోయింది" అనబోయాను. ఎందుకో మా ఆవిడ నా వైపు చూసింది. నోరు మూసుకొన్నాను.

"శెబాష్! ఎందుకు గుంజుకపోయింది మరి?" అన్నాడు శిష్యుడు.

వాడు క్షణం ఆలోచించాడు. "పెట్రోలు బయటికి పోతుంది గాని లోపటికి గాలి వస్తలేదు" అన్నాడు. చేయి చాచి మూత మీది మర తిప్పాడు. ఉస్సుమని టాంకు ఊపిరి పీల్చుకొన్నది. లోపలికి పోయిన రేకులు టప్పుమని యథాస్థానానికి వచ్చాయి. బల్బు నాలుగుసార్లు పిసికితే గట్టిపడింది. తాళం తిప్పగానే మోటారు మొదటి పిలుపుకే పలికింది.

"ఈ మూత ఎవలు బిగించిండ్రు? నేను తీసిపెట్టిన గద" అన్నాడు శిష్యుడు తనలో తాను.

పడవలో నలుగురమే ఉన్నాము. "నేనే" అన్నాను. "వాసన వస్తున్నదని."

వాడు నవ్వలేదు. "అందరు గట్లనే జేస్తరు సార్. టాంకు నిండ పెట్రోలున్నా, మోటరు కొత్తదైనా, గాలి ఆడకపోతే ఆగుతది. కొందరు గిది చూడక ఇంజనంత విప్పుకుంటరు. విప్పినంక గా విప్పిన కాడ కొత్త రోగం పుడ్తది."

బీరువాలోని సెల్‌ఫోను, మారిన ట్యూషను, నాలుగింటి అలారము - ఒక్కొక్కటీ నట్లూ బోల్టుల్లాగా నా కళ్ళ ముందు పరచుకొన్నాయి.

గట్టుకు చేరిన తరువాత శిష్యుణ్ణి పక్కకు పిలిచి, "నా క్లాసులో ఒక్కనాడూ ఇట్లా మాట్లాడేవాడివి కావే, ఎందుచేత?" అన్నాను.

వాడు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. "మాట్లాడితె తప్పులొస్తయని సార్" అన్నాడు చివరకు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. అది ఉన్నా బాగుండేది.

ఆ రాత్రి భోజనాలైన తరువాత మావాడి గదికి వెళ్ళాను. మంచం మీద ఒక పక్కన కూర్చొన్నాను. ఉపన్యాసం ఇవ్వడం వచ్చుగాని ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఎట్లాగో కూర్చొన్నాను. "ఏమైందిరా?" అని మాత్రం అడిగి ఊరుకొన్నాను.

చాలాసేపటికి వాడు గోడవైపు చూస్తూ అన్నాడు: "నాన్నా, గా లెక్కలు నాకు సమజైతలేవు. పోయినేడు సంది సమజైతలేవు."

'అర్థం కావడం లేదు' అన్న మాట నా పెదవుల దాకా వచ్చింది. పళ్ళ మధ్య బిగించి పట్టుకొన్నాను. వాడు ఆగలేదు. మొదటి సంవత్సరంలోనే తప్పిపోయాడట. అప్పుడు చెబుదామని రెండు మూడు సార్లు నా దగ్గరకు వచ్చాడట. నోరు విప్పగానే నేను మాటను దిద్దానట. దిద్దిన మాటను తిరిగి అప్పజెప్పి వెళ్ళిపోయాడట. అసలు విషయం లోపలే ఉండిపోయింది. ఆ తరువాత తెలిసినట్టే తల ఊపుతూ క్లాసులో కూర్చోవడం అలవాటు చేసుకొన్నాడు. ముప్పావుగంట మాట్లాడాడు. అందులో నేను దిద్దదగినవి నూటికి తక్కువ ఉండవు. ఒక్కటీ దిద్దలేదు. కొంతసేపటికి లెక్కించడం కూడా మానేశాను.

మరునాడు మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుణ్ణి బతిమాలి, మొదటి సంవత్సరం మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టించాను. సెల్‌ఫోను బీరువా నుంచి విడుదలైంది. మార్కులు ఇంకా ఆకాశాన్ని అంటలేదు. కాని వాడు అన్నం దగ్గర మాట్లాడుతున్నాడు. ఆదివారాలు శిష్యుడి వెంట వెళ్ళి, చేతులకు గ్రీజు పూసుకుని వస్తున్నాడు. మా ఆవిడ కూడా పప్పులో ఉప్పు సంగతి నిర్భయంగా చెబుతున్నది.

క్లాసులో నా పద్ధతి కొంచెం మారింది. పిల్లలు జవాబు చెప్పేటప్పుడు చివరిదాకా వింటున్నాను. దిద్దవలసింది కాగితం మీద రాసినప్పుడు దిద్దుతాను. అలవాటు ఒక్కరోజులో పోయేది కాదు. అప్పుడప్పుడూ చేయి ఆ మర మీదికే పోతూ ఉంటుంది.

మొన్న సాయంత్రం బజారుకు వెళితే కూరగాయల అవ్వ నన్ను చూసి కాస్త బెదురుతూనే, "బీరకాయలు శానా మంచిగున్నయి సారూ" అన్నది.

చూశాను. నిజంగానే శానా మంచిగున్నాయి. కిలో తీసుకొన్నాను.