అమ్మ గదిలో నా బల్ల

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఉద్యోగాన్ని సంచిలో పెట్టుకుని తెనాలిలో అన్నయ్య ఇంటికి చేరాను. నాన్న పోయాక రేపల్లె నుంచి వచ్చేసిన అమ్మకు అక్కడో గది ఉంది. కిటికీ పక్కన నా బల్ల వేశాను. "నాలుగు రోజులేగా" అంటూ ఆవిడ మంచం వరండాలోకి మార్చుకుంది.

నా పని వర్చువల్ మెషీన్లు చూడటం. ఒకే పెద్ద కంప్యూటర్ని సాఫ్ట్‌వేర్‌తో వాటాలు వేసి పది కంప్యూటర్లుగా వాడుకోవడమన్నమాట. ఒకదానికి పని పెరిగితే, ఆపకుండానే అదనంగా మెమరీ ఇవ్వొచ్చు. చిక్కంతా తిరిగి తీసుకోవడంలోనే. అందుకు లోపల 'బెలూన్' అనే ప్రోగ్రామ్ ఉంటుంది. అది ఉబ్బుతూ, తనకే కావాలన్నట్టు మెమరీ అడిగి పట్టుకుంటుంది. పట్టుకున్నది మనం బయటికి లాక్కుంటాం.

ఒక రాత్రి జీతాల లెక్కల మెషీన్‌కి 8 జీబీ ఇచ్చాను. లెక్కలు అయిపోయాయనుకుని తెల్లవారుజామున బెలూన్ ఉబ్బించేశాను. అవలేదు! ఊపిరాడక అది డేటాబేస్‌నే ఆపేసుకుంది. జీతాలు ఒకరోజు ఆలస్యం. నా చివాట్లు వరండాదాకా వినిపించాయి.

కాఫీ తెచ్చిన అమ్మకు సంగతి చెప్పాను.

"ఇవ్వడానికేముందిరా! బాపట్ల మామయ్య ముందుగది చుట్టాలకిచ్చాడు. వాళ్లు ఇనప బీరువా దించారు. మనుషులు వెళ్లారుగానీ బీరువా మూడేళ్లు కదల్లేదు."

మా దగ్గరా అంతే. ఆపరేటింగ్ సిస్టమ్ తన సొంత సామాను కొంత దించిందంటే ఇక జరపలేం. అందుకే అదనంగా ఇచ్చిన చోట జరపగలిగే సామానే పెట్టించాలి. ఆ ఆగస్టులో వచ్చిన లినక్స్ 5.8లో వర్టయో-మెమ్ అనేది చేరింది. ఇచ్చినదాన్ని చిన్నచిన్న ముక్కలుగా, ఖాళీ అయినంతమేరకే వెనక్కి తీసుకుంటుంది. దాని గురించి చదువుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి నా బల్ల వంక చూసింది.

"ఇది జరిగేదేనా, లేక బీరువానా?"