మొరాయించే మంట

ఎచ్చెర్లలో చలి అంటే జనవరి తెల్లవారుజామున హైవే మీద పొగమంచు, టీ కొట్టు దగ్గర మఫ్లర్లు, భోగినాడు వీధిలో పేర్చిన దుంగలు. హాల్లో మంట పెట్టుకోవాల్సినంత అవసరం ఆ ఊరికి ఎన్నడూ రాలేదు. కానీ ఊళ్ళో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, పక్కనే ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ వెలిశాక పిల్లలు అమెరికాలో డాలస్‌కో ఫ్రిస్కోకో వెళ్ళడం, వెనకాలే అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద విమానం ఎక్కడం మామూలైపోయింది. అక్కడ హాల్లో, గోడకి అద్దం బిగించిన పొయ్యి కనబడుతుంది. అందులో ఎన్నేళ్ళయినా కాలని కట్టెలు!

అవి సిరామిక్ కట్టెలు. కింద బర్నర్ నుంచి వచ్చే గ్యాసే మండుతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఆ పొయ్యి ఉత్త అలంకారం. తొలి చలిగాలి వీచిన రాత్రి బటన్ నొక్కితే మాత్రం టక్కుటక్కుమంటుంది, వెలగదు.

ఆ టక్కు శ్రీకాకుళం వంటింట్లోనూ వినబడేదే. కొన్ని స్ఫటికాలను ఒత్తితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. గ్యాస్ లైటర్‌లో స్ప్రింగు, చిన్న సుత్తి, స్ఫటికం ఉంటాయి. ఆ పొయ్యిలోనూ అవే. రవ్వ కనిపిస్తోందంటే నేరం లైటర్‌ది కాదు, గ్యాస్ వస్తోందా అని చూడాలి. వేసవిలో గోడ పక్క వాల్వు కట్టేసి మరిచిపోయేవాళ్ళకు కొదవ లేదు. తెరిచాక కూడా గొట్టంలో చేరిన గాలి బయటికి పోయేదాకా నాబ్‌ను పైలట్ గుర్తు దగ్గర నొక్కి పట్టుకుని కాస్త ఓపిక పట్టాలి.

పైలట్ అంటే బర్నర్ పక్కన వెలిగే చిట్టి మంట. పెద్ద మంటకు నిప్పందించేది అదే. అది వెలిగి, నాబ్ మీంచి చెయ్యి తీయగానే ఆరిపోయిందనుకోండి, కథ థర్మోకపుల్ దగ్గర ఉన్నట్టు. రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక కొస వేడి చేస్తే విద్యుత్తు పుడుతుంది, ఆ ప్రభావం 1821లో సీబెక్ కంటపడింది. పైలట్ మంటలో మునిగి ఉండే ఆ సన్నని కడ్డీ చేసేదీ అదే. పుట్టేది 25, 30 మిల్లీవోల్టులు, అంటే టార్చి బ్యాటరీలో యాభయ్యో వంతు. ఆ కాస్త కరెంటే ఒక అయస్కాంతానికి ప్రాణం పోసి వాల్వును తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే కడ్డీ చల్లారుతుంది, అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, గ్యాస్ ఆగిపోతుంది. అందుకే వెలిగాక అర నిమిషం, ఒక్కోసారి నిమిషం దాకా నాబ్ వదలకూడదు. అయినా ఆరిపోతే కడ్డీకి మసి పట్టి ఉంటుంది, లేదా పైలట్ రంధ్రం పూడి మంట కడ్డీని తాకదు.

పూడ్చేది చాలాసార్లు సాలీడే. నవ్వులాట కాదు, 2011లో మాజ్దా కంపెనీ ఇంధన ట్యాంకు గొట్టాల్లో సాలెగూళ్ళ వల్ల అమెరికాలో వేల కార్లను వెనక్కి పిలిచింది.

వెలగని పొయ్యిని తిట్టుకునేవాళ్ళు ఒకటి గమనించరు: అది చాలాసార్లు డ్యూటీ చేస్తోంది. మన వంటింటి స్టవ్వుల్లో ఎక్కువవాటికి ఈ కాపలా లేదు. పాలు పొంగి మంట ఆరితే గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఇథైల్ మెర్కాప్టన్ కలిపిన ఆ వాసన పట్టాల్సింది ఇంటావిడ ముక్కే. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారునే పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్చి జోలికి పోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, 1906కి ఫోన్ చేయాలి. డాలస్ పైపుల్లో వచ్చేది తేలికైన సహజవాయువు, అది పైకి పోతుంది. అక్కడా వాసన గట్టిగా ఉంటే ఈ రిపేరు ప్రయోగాలన్నీ మాని బయటికి నడవాల్సిందే.

2021 ఫిబ్రవరిలో ఈ పొయ్యిల అసలు విలువ తేలింది. టెక్సాస్ గ్రిడ్ చేతులెత్తేసి 45 లక్షలకు పైగా ఇళ్ళలో కరెంటు పోయింది. 16వ తేదీన డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు! పైలట్ ఎప్పుడూ వెలుగుతుండే పాతరకం పొయ్యిలకు కరెంటుతో పని లేదు. థర్మోకపుల్స్‌ను వరసగా కలిపిన థర్మోపైల్ 500 నుంచి 750 మిల్లీవోల్టులిస్తుంది, పెద్ద వాల్వు తెరవడానికి అది చాలు. (పైలట్ నిక్షేపంలా ఉండి పెద్ద మంట రాకపోతే ఇదే బలహీనపడిందనో, గోడ స్విచ్చి వైరు వదులైందనో అనుమానించాలి.) కొత్తరకం పొయ్యి పైలట్‌ను అవసరమైనప్పుడే కరెంటుతో వెలిగించుకుంటుంది. కరెంటు పోతే దానికి బ్యాటరీలు దిక్కు. అవి వేసే డబ్బా ఎక్కడుందో తెలియని ఇంట్లో ఖరీదైన పొయ్యి ఉండి ఏం లాభం?

తీరా వెలిగాక అమ్మలకు ఇంకో పేచీ: మంట పసుపుగా ఉంది, బర్నర్ బాగాలేదని. వంటింట్లో అయితే నిజమే, నీలం మంట ఉండాలి. ఇక్కడ మాత్రం కట్టెల మంటలా కనిపించాలని పసుపుగానే ఉంచుతారు. అందంగా లేవని ఆ కట్టెల్ని మాత్రం అటూ ఇటూ జరపకూడదు. కంపెనీ బొమ్మలో చూపినట్టు లేకపోతే మంట కట్టెకు తగిలి అద్దం నిండా మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దానికి వాసన ఉండదు, ఎంత అనుభవమున్న ముక్కుకైనా దొరకదు. హాల్లో దాని అలారం పెట్టుకుని, ఏటా చలికాలానికి ముందే టెక్నీషియన్‌ను పిలవాలి. మొదటి చలి పడ్డాక ఫోన్ చేస్తే అతగాడు దొరకడు.