నీళ్లు తాగిన స్టీరింగ్

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. మా ఇంట్లో నీళ్లు కిటికీ అంచు దాటాయి. పై వాటా వాళ్ల గదిలో తలదాచుకుని, ఆ తర్వాత ఫ్లైఓవర్ దాకా పడవలో వచ్చాం. నీళ్లు తీశాక ఇల్లు కడిగే పని ఇంట్లోవాళ్లకు వదిలేసి నేను ఆటోనగర్‌లో షెడ్డు తెరవాల్సి వచ్చింది. మా వీధిలో టాక్సీ నడుపుకునే కుర్రాడు అప్పటికే బండిని లాగించుకొచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు.

"బాబాయ్, ఇది కదిలితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది" అన్నాడు.

ఇంజను ఎలాగోలా లేపాం. లొంగనిది స్టీరింగే. ఇలాంటి చిన్న కార్లలో పవర్ స్టీరింగ్ మోటారు బానెట్ కింద ఉండదు, డ్యాష్‌బోర్డు వెనక కాలమ్‌కే బిగించి ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా వస్తే అది మునగక తప్పదు. పవర్ స్టీరింగ్ హెచ్చరిక లైటు, అంటే ఈపీఎస్ లైటు, ఆరలేదు. మోటారు విప్పి చూస్తే లోపల బురద, కప్లర్ పిన్నులకు పచ్చటి చిలుము. కాలమ్ మొత్తం మార్చాల్సిందే.

కొత్తది కొనే స్తోమత అతనికి లేదు. పాత సామాన్ల కొట్టు నుంచి ఒకటి మోసుకొచ్చాడు. చూసి వెనక్కి పంపేశాను. అది గుద్దుకున్న బండిది. ముందునుంచి దెబ్బ తగిలితే డ్రైవరు ఛాతీలోకి దూసుకురాకుండా తనంతట తానే ముడుచుకునేలా కాలమ్‌ని తయారుచేస్తారు. దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్టులో చిన్న క్యాప్సూళ్లు ఉంటాయి, దెబ్బకి అవి జారి వదిలేస్తాయి. అతను తెచ్చినదాంట్లో అవి అప్పటికే జారిపోయి ఉన్నాయి. ఒకసారి ముడుచుకున్నది రెండోసారి మనిషిని కాపాడదు.

"తిరుగుతోంది కదా బాబాయ్" అన్నాడు. ఇల్లు మునిగినవాడికి కాదని చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. నా ఇల్లూ మునిగింది, అయినా ఒప్పుకోలేకపోయాను. వెనకనుంచి దెబ్బ తిన్న బండిది ఇంకొకటి దొరికింది. క్యాప్సూళ్లు కదల్లేదు, షాఫ్టు నిడివి మా పాతదానితో కొలిస్తే సరిపోయింది. నీళ్లలో నానిన ఎయిర్‌బ్యాగ్‌నీ, గేరు రాడ్డు దగ్గర కింద ఉండే దాని కంట్రోల్ బాక్సునీ మాత్రం కొత్తవే తెమ్మన్నాను. అప్పు చేసి తెచ్చాడు.

విప్పేటప్పుడు నాకు అన్నిటికంటే భయం ఎయిర్‌బ్యాగ్. అందులో పేలుడు మందు ఉంటుంది. తడిసిన వైరింగ్ ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం. ముందు టైర్లు తిన్నగా పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీసేశాను. తీసినా లోపలి కెపాసిటర్‌లో కరెంటు కాసేపు నిలుస్తుంది. మాన్యువల్ కొన్ని బండ్లకు ఒకటిన్నర నిమిషం, కొన్నిటికి మూడు నిమిషాలు ఆగమంటుంది. నేను తాపీగా టీ తాగొచ్చేదాకా చెయ్యి పెట్టను. తర్వాత పసుపు కప్లర్ ఊడదీసి, బ్యాగ్‌ని మెత్త వైపు ఒంటికి తగలకుండా పట్టుకెళ్లి, ఆ వైపే పైకి ఉండేలా బల్ల మీద పెట్టాను. దాని మీదకి ఎవరినీ వంగనివ్వలేదు.

స్టీరింగ్‌కీ షాఫ్టుకీ కలిపి పెయింటు గీత పెట్టి నట్టు వదులు చేశాను. పూర్తిగా తీయలేదు. కొన్ని మరలు మిగల్చకపోతే, పుల్లర్ లాగినప్పుడు స్టీరింగ్ ఒక్కసారిగా ఊడి మొహానికి తగులుతుంది.

అసలు నరకం కాలమ్ కింది జాయింటు దగ్గర. సీటు తీసేసి, పెడళ్ల మధ్య తల పెట్టి వెల్లకిలా పడుకున్నాను. కదిలితే చాలు, ఎండిన బురద కళ్లలో రాలేది. మెడ పట్టేసింది. బోల్టు తుప్పుతో బిగుసుకుపోయింది. హెల్పర్ సుత్తి అందించబోతూ "ఒక్క దెబ్బ వేస్తే పోద్ది మేస్త్రీ" అన్నాడు. కుర్రాడు గుమ్మంలోంచి చూస్తున్నాడు. షాఫ్టు మీద వేసే దెబ్బ పైన ముడుచుకునే భాగానికి పోతుంది, అందుకని సుత్తి పక్కన పెట్టించాను. తుప్పు వదిలే స్ప్రే కొట్టడం, ఆగడం, పానాతో కొద్దిగా కదపడం. పొద్దుగుంకే వేళకి వదిలింది.

బిగించేటప్పుడు చూడాల్సింది ఆ బోల్టునే. షాఫ్టు మీద ఒక గాడి ఉంటుంది, బోల్టు అందులోంచే వెళ్లాలి. పక్కనుంచి వెళ్లినా బిగుసుకున్నట్టే ఉంటుంది, కానీ రోడ్డు మీద షాఫ్టు జారిపోతే చేతిలో స్టీరింగ్ ఉన్నా బండి మన మాట వినదు. టార్చి పట్టించుకుని గాడిని కంటితో చూసి, కొత్త బోల్టు వేసి, టార్క్ రెంచ్‌తో బిగించి, దాని మీద పెయింటు గీత పెట్టాను. పైన స్టీరింగ్ వెనక వైర్ల రిబ్బన్ చుట్టి ఉండే క్లాక్ స్ప్రింగ్ కూడా కొత్తదే వేశాం, దాన్ని మెల్లగా చివరిదాకా తిప్పి, రెండున్నర చుట్లు వెనక్కి తెచ్చి, బాణం గుర్తులు కలిపాను. ఇది తప్పితే మలుపులో లోపలి రిబ్బన్ తెగుతుంది. హారనూ ఎయిర్‌బ్యాగూ రెండూ పోతాయి.

బ్యాటరీ చివర కలిపాం, లోపల ఎవరూ లేకుండా. పక్కనుంచి చెయ్యి చాపి తాళం తిప్పాను. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోయింది. స్కానర్ పెట్టి స్టీరింగ్ సెన్సార్ సున్నాకి తెచ్చాక ఈపీఎస్ లైటూ ఆరింది. ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పితే ఎక్కడా పట్టలేదు. ఖాళీ జాగాలో నేనే నడిపి చూసి తాళాలిచ్చాను.

వారం తిప్పి మళ్లీ రమ్మంటే వచ్చాడు. జాయింటు బోల్టు మీద నేను పెట్టిన పెయింటు గీత కదల్లేదు. గన్నవరం ఎయిర్‌పోర్టుకి బాడుగ ఉందంటూ వెంటనే వెళ్లిపోయాడు. షెడ్డులో ఇంకో సింగ్‌నగర్ బండి ఉంది, దాని సీట్లు విప్పమని హెల్పర్‌కి చెప్పాను.