ఎమర్సన్‌లో పెళ్ళిచూపులు

అట్లాంటా నగరం దాటి 75వ నెంబరు రహదారి మీద వాయవ్యంగా సుమారు 40 మైళ్ళు పోతే ఎమర్సన్ అనే చిన్న వూరు వస్తుంది. వూరు చిన్నదే గాని చుట్టుపక్కల చూడదగినవి లేకపోలేదు. ఒక పక్క అల్లటూనా సరస్సు. ఎటోవా నదికి ఆనకట్ట కట్టగా యేర్పడినది. కొద్ది దూరంలో కార్టర్స్‌విల్ పట్టణం. అక్కడ ఒక మందుల దుకాణం గోడ మీద 1894లో వేసిన కోకకోలా ప్రకటన వుంది. గోడల మీద వేసిన కోకకోలా ప్రకటనలలో అదే మొట్టమొదటిదని ఆ వూరివారు గర్వంగా చెప్పుకుంటారు. ఆ పట్టణానికి ఆనుకునే, తెల్లవారు రాకపూర్వం అక్కడ కాపురమున్న జాతులవారు పోసిన పెద్ద పెద్ద మట్టిదిబ్బలున్నాయి. నేల అంతా ఎర్రమట్టి. మన తెలంగాణా చెల్కలు జ్ఞాపకం వస్తాయి.

యివేవీ చూడటానికి గాదు నేను వెళ్ళింది. ఆ ఎమర్సన్ పక్కనే లేక్‌పాయింట్ అనే పెద్ద క్రీడాప్రాంగణం వుంది. 2025 జూన్‌లో ఒక శనివారం అక్కడ బేస్‌బాల్ ఆడే హైస్కూలు కుర్రవాళ్ళకు “షోకేస్” జరుగుతుందంటే చూద్దామని బయలుదేరాను. మా మేనల్లుడు ఆల్ఫరెట్టాలో వుంటాడు. ఆ పేట సంగతి మీకు చెప్పనక్కరలేదు. అక్కడి కొట్లలో గోంగూరకూ కొరత లేదు, గోదావరి యాసకూ కొరత లేదు. వాడి పొరుగింటి అమెరికా దొరగారి అబ్బాయికి 17 ఏళ్ళు. బంతి విసిరే ఆటగాడు. వాళ్ళ వ్యానులోనే నాకూ చోటిచ్చారు.

షోకేసు అంటే మనకు బట్టల దుకాణంలో అద్దాల బీరువా. యిదీ అదే. కాకపోతే లోపల వుండేవి పట్టుచీరలు కావు, పదహారు పదిహేడేళ్ళ కుర్రవాళ్ళు. ఒక సంస్థ మైదానం తీసుకుని ఫలానా రోజున రండని పిలుస్తుంది. వచ్చే కుర్రవాడు రుసుము చెల్లించి వస్తాడు. చూచేవారు రెండు రకాలు. ఒకరు మేజర్ లీగ్‌లో వున్న 30 జట్ల తాలూకు స్కౌట్లు. రెండోవారు కాలేజీ జట్ల కోచ్‌లు. స్కౌటు అనగానే మనకు ఖాకీ నిక్కరూ, మెడలో రుమాలూ మెదులుతాయి. వీరు ఆ స్కౌట్లు కారు. గడ్డిటోపీలు పెట్టుకుని, మెడలో స్టాప్ వాచీలు వేలాడదీసుకుని, యెవరి పుస్తకం యెవరికీ కనబడకుండా రాసుకునే పెద్దమనుషులు.

మన పెళ్ళిచూపులు చూచినవారికి యిది కొత్తగా వుండదు. కాలు కుంటేమోనని పిల్లను నాలుగడుగులు నడవమనడం, నత్తి వుందేమోనని ఉత్తరం చదవమనడం, చివరకు “ఒక పాట పాడమ్మా” అనడం. యిక్కడ కుర్రవాణ్ణి మొదట 60 గజాలు పరుగెత్తమన్నారు. యిద్దరిద్దరు చొప్పున పరుగెత్తారు. 7 సెకన్లు పట్టిందంటే యెవరూ తల యెత్తరు. ఆరున్నరకు దిగిందంటే గడ్డిటోపీలన్నీ ఒక్కసారి వంగి రాసుకుంటాయి. తరువాత దూరాన నిలిచి బంతి విసరమన్నారు. వికెట్ కీపరు వంటి క్యాచరు బంతి పట్టినది మొదలు 127 అడుగుల దూరాన వున్న రెండో మజిలీకి అది చేరేదాకా యెంతసేపో చూచారు. 2 సెకన్లయితే మంచి లెక్కట. ఆపైన బ్యాటు యిచ్చి కొట్టమన్నారు. పేరు పెట్టి పిలవడం లేదు. వీపు మీద నెంబరే పేరు.

మైదానం నిజమైన గడ్డి గాదు, కృత్రిమ పచ్చిక. పది గంటలకే కిందనుంచి సెగ కొడుతోంది. జూన్ నెల జార్జియాకూ మన బెజవాడకూ నాకు పెద్ద తేడా కనబడలేదు. నేను గొడుగు వేసుకు కూర్చున్నాను. వానలేని రోజున గొడుగేమిటని చుట్టూ వున్నవాళ్ళు చిత్రంగా చూచారు. కాని అయిదు నిమిషాలు గడిచేసరికి డెబ్బై యేళ్ళు దాటిన ఒక స్కౌటుగారు తన మడతకుర్చీ జరుపుకుని నా గొడుగు నీడలోకి వచ్చారు. ఆయన నాకు గురువైనది ఆ గొడుగు మహిమ వల్లనే.

ఆయన చెప్పినది యిది. కుర్రవాడిలో అయిదు గుణాలు చూస్తారు: బంతిని తగలనివ్వడం, దూరం కొట్టడం, పరుగు, విసురు, పట్టు. ఒక్కొక్క దానికీ 20 మొదలు 80 వరకు మార్కులు. 50 అంటే మేజర్ లీగ్‌లో నడిమి స్థాయి. నూటికి వేయక యీ 20, 80 యేమిటండీ అంటే నవ్వి, బ్రాంచ్ రికీగారి పేరు చెప్పారు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను 1947లో మేజర్ లీగ్‌లోకి తెచ్చిన రికీ ఆయనే. చిత్రమేమంటే, వేసేది యీనాటి మార్కు గాదు. పదిహేడేళ్ళవాణ్ణి చూచి, పాతికేళ్ళకు వీడెట్లా వుంటాడో దానికి మార్కు వేయాలి. భుజాలు యింకా విచ్చుకుంటాయా, తండ్రి బొజ్జ వీడికీ వస్తుందా, అన్నీ చూడాలి. అందుకే స్కౌట్లు తల్లిదండ్రులను గూడా ఓరకంట చూస్తుంటారు. జాతకం చూడటానికీ దీనికీ భేదమేమిటో నాకు తెలియలేదు. జాతకానికి స్టాప్ వాచీ వుండదు, అంతే.

వెనుక యిట్లా వుండేది గాదు. స్కౌటు పల్లెలు పట్టుకు తిరిగి, యెక్కడో పొలంలో ఆడుకునే కుర్రవాణ్ణి కనిపెట్టి, మరొకడికి తెలియకముందే సంతకం పెట్టించుకునేవాడు. ఐయోవాలో వాన్‌మీటరు అనే పల్లెలో రైతుబిడ్డ బాబ్ ఫెల్లర్‌ను ఒక డాలరుకూ, ఆటగాళ్ళు సంతకాలు చేసిన ఒక బంతికీ కుదుర్చుకున్నారని చెప్పుకుంటారు. 1936లో, పదిహేడేళ్ళ వయస్సులో, బడి చదువు పూర్తి కాకముందే అతడు పెద్ద జట్టులో బంతి విసిరాడు. 1965లో డ్రాఫ్టు పద్ధతి వచ్చింది. అంటే జట్లు వరుసగా ఒక్కొక్కరిని యెంచుకోవడమన్నమాట. అప్పటినుంచి రహస్యానికి విలువ పోయింది. కనిపెట్టడం గాదు, యెవరు యెవరికంటె మేలో తూచడమే పని. అందరినీ ఒకే త్రాసులో వేయడానికి ఒకే చోటికి రప్పించడం సదుపాయంగా వుంది. అందులోంచి పుట్టినదే యీ షోకేసు.

అయితే ఒక్కరోజు చూపు యెంతవరకు నిలుస్తుంది? పెద్దాయన వేళ్ళమీద లెక్కపెట్టారు. కాన్సస్ సిటీలో చదివిన ఆల్బర్ట్ పుహోల్స్‌ను టాంపా జట్టువారు పిలిపించి పరీక్ష చేశారు. ఆ రోజు అతడు వారికి నచ్చలేదు. అతణ్ణి తీసుకొమ్మని మొదటినుంచీ పోరిన ఫెర్నాండో ఆరంగో అనే స్కౌటు, తన మాట చెల్లలేదని ఆ జట్టు కొలువే వదులుకున్నాడు. 1999 డ్రాఫ్టులో 401 మందిని యెంచుకున్న తరువాత సెయింట్ లూయీ జట్టువారు పుహోల్స్‌ను తీసుకున్నారు. 2022లో ఆట విరమించేనాటికి అతడు కొట్టిన హోమ్ రన్లు 703. ఆ మాట చెప్పి పెద్దాయన తన పుస్తకం వైపు చూచుకున్నారు.

మధ్యాహ్నం పిచ్చర్ల వంతు వచ్చింది. మన బౌలరు బంతిని నేలమీద వేసి లేపుతాడు. పిచ్చరు 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి నేల తగలకుండా సూటిగా విసరాలి. గంటకు 90 మైళ్ళ వేగమైతే అర సెకను లోపలే వచ్చి పడుతుంది. కుర్రవాడు చెయ్యి యెత్తేసరికి నా చుట్టూ వున్నవారందరూ పిస్తోలు వంటి సాధనాలు యెత్తి గురిపెట్టారు. నిజం చెప్పవద్దూ, నా గుండె ఝల్లుమన్నది! అవి రాడార్ తుపాకులు. రోడ్డుమీద వేగంగా పోయే కార్లను పట్టుకోవడానికి పోలీసులు వాడేవి. 1974లో మిషిగన్‌లో డానీ లిట్‌వైలర్ అనే కాలేజీ కోచ్‌కు, కారు వేగం చెప్పేది బంతి వేగం చెప్పదా అని తోచింది. 2008లో యీ తుపాకే మన దేశానికి గూడా వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో బల్లెం విసిరే రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే యిద్దరు యువకులను యిదే తూచి యెంచింది. పిట్స్‌బర్గ్ జట్టు వారితో ఒప్పందం చేసుకుంది.

తుపాకి వచ్చాక కుర్రవాళ్ళ పని కష్టమైంది. అందమైన విసురు, తెలివైన విసురు దానికి అక్కరలేదు. అంకె కావాలి. 17, 18 ఏళ్ళవాళ్ళు ఒక రోజున 105 బంతులకు మించి విసరరాదని 2014లో మేజర్ లీగ్ వారు, అమెరికా బేస్‌బాల్ సంఘంవారు కలిసి ఒక నియమావళి వెలువరించారు. మంచిదే. కాని షోకేసులో విసిరేది ఆ లెక్కలో చాలా కొద్ది. ఆ కొద్దీ ప్రాణం పెట్టి విసురుతారు. నియమం బంతులను లెక్కపెడుతుంది, ప్రాణాన్ని గాదు. మోచేతి లోపలి పక్కన యెముకనూ యెముకనూ కట్టిపట్టే చిన్న పట్టీ వంటిది వుంటుంది. తెగేది అదే. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అనే ఆయన టామీ జాన్ అనే ఆటగాడి కుడి చేతిలోంచి స్నాయువు తీసి యెడమ మోచేతిలో వేసి కుట్టాడు. అతడు 1989 దాకా ఆడాడు. ఆ చికిత్సకు ఆ ఆటగాడి పేరే స్థిరపడింది. యిప్పుడది బడిపిల్లలకు గూడా జరుగుతోంది. 2024 డిసెంబరులో మేజర్ లీగ్ వారే ఒక నివేదికలో, పిచ్చర్ల గాయాలకు వేగం కోసం పడే తాపత్రయం ముఖ్యకారణమని ఒప్పుకున్నారు.

యీ జార్జియాలో హైస్కూలు చదివినవాడే, మన రక్తమూ వున్నవాడు, కుమార్ రాకర్. తల్లి తరఫు తాతా అమ్మమ్మా భారతదేశం నుంచి వెళ్ళినవారు. 2018లో హైస్కూలు పూర్తి కాగానే కొలరాడో జట్టువారు 38వ విడతలో యెంచుకుంటే కాదని వాండర్‌బిల్ట్ కాలేజీకి వెళ్ళాడు. అక్కడ మొదటి యేడే ఒక ఆటలో ప్రత్యర్థులకు ఒక్క హిట్టు యివ్వక 19 మందిని స్ట్రైకవుట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో తీసుకుని, వైద్యపరీక్ష చూచి ఒప్పందం మానుకున్నారు. మరుసటి యేడు టెక్సస్ జట్టు మూడో స్థానంలో తీసుకుంది. 2023లో ఆ మోచేతి చికిత్స. 2024 సెప్టెంబరులో గాని పెద్ద మైదానం మెట్టలేదు. యిది అదృష్టవంతుడి కథ అని మరవవద్దు.

మా పొరుగు కుర్రవాడి నెంబరు పిలిచారు. దారిలోనే తల్లీతండ్రీ మెల్లగా వాదించుకోవడం నేను విన్నాను. మోచెయ్యి నొప్పిగా వుంటే డాక్టరు ఆరు వారాలు బంతి ముట్టవద్దన్నాడు. తల్లి అదే అంటుంది. తండ్రి దుర్మార్గుడేమీ కాడు. యిళ్ళకు చల్లని గాలి యంత్రాలు బిగించే పని చేసి కొడుకును యింతదాకా తెచ్చాడు. ఫలానా కాలేజీ కోచ్ యీ రోజున వచ్చి చూస్తానన్నాడు, యిది తప్పితే మళ్ళీ యెప్పుడు అని ఆయన అంటాడు. నిన్నమొన్నటిదాకా ఒక కాలేజీ జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులు మాత్రమే యిచ్చేవారు. దాన్నే ముక్కలు చేసి పంచుకునేవారు. 2025లో ఆ నియమం మారి, కొత్త పద్ధతికి ఒప్పుకున్న కాలేజీలలో జట్టుకు 34 మందే వుండాలన్నారు. డబ్బు పెరగవచ్చు గాని కుర్చీలు తగ్గాయి.

కుర్రవాడు విసిరాడు. 88. 89. ఆరో బంతికి 91. వెనుకనుంచి చప్పట్లు వినిపించాయి. తండ్రి కంచె పట్టుకుని నిలబడ్డాడు. మిగతా స్కౌట్లు అంకె రాసుకున్నారు. నా పక్కనున్న పెద్దాయన మాత్రం తుపాకి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, బంతి పోయిన తరువాత కుర్రవాడి చెయ్యి వైపే చూస్తున్నారు. ప్రతి బంతికీ వాడు చెయ్యి వెనక్కు దాచి వేళ్ళు విదిలించుకుంటున్నాడు. అప్పుడు నేనూ చూచాను.

“ఆ తండ్రితో ఒక మాట చెప్పరాదా?” అన్నాను.

“నేను వైద్యుణ్ణి గానండీ,” అన్నారాయన. “మా జట్టు నాకు జీతమిచ్చేది చూడమని. చూచినది రాసి పంపుతాను. ఆపైన ఆ పిల్లవాడి నెంబరు మా కాగితాల్లో కిందికి జారుతుంది. ఎందుకు జారిందో వాళ్ళకెవరూ చెప్పరు.”

మూడు గంటలకు పడమటి దిక్కున ఉరిమింది. మెరుపు కనబడితే ఆట ఆపడం అక్కడి నియమం. బూర వూదగానే అందరూ కార్లకేసి పరుగెత్తారు. నేను వ్యాను చేరేసరికి కుర్రవాడు వెనుక సీటులో వున్నాడు. తల్లి అప్పటికే తువ్వాలులో ఐసు మూటగట్టి వాడి మోచేతికి చుడుతోంది. నేను చూచినది చెబుదామా వద్దా అని తటపటాయిస్తుంటే ఆవిడే అందుకుని, “తెలుసు, రెండో బంతినుంచే,” అంది. ముందు సీటులో తండ్రి ఫోనులో కోచ్‌తో మాట్లాడుతున్నాడు. వచ్చే శనివారం అలబామాలో యిటువంటిదే మరొకటి వుందట. రుసుము కట్టేశారు.