వాకిలి అనే మాట

ఆ రోజు క్లాసులో నాకు ‘వాకిలి’ అనే మాట గుర్తు రాలేదు.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పుకుంటున్నదాన్ని. స్త్రీల పాటల గురించి చెప్తూ చెప్తూ ఆగిపోయాను. పొద్దున్నే కల్లాపి చల్లి ముగ్గు పెడతామే, ఆ చోటు. మా తెనాలి ఇల్లు కళ్ళకి కడుతోంది, చీపురు చప్పుడు కూడా వినిపిస్తోంది. మాట మాత్రం రావడం లేదు. ముందు వరసలో కూర్చున్న పిల్ల, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, “వాకిలి, ఆంటీ” అని నాలుక్కరుచుకుని “సారీ, మేడమ్” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

నాకు ఇరవై ఏళ్ళుగా పార్శ్వపు తలనొప్పి. మైగ్రేన్. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఇది సుమారు మూడు రెట్లు ఎక్కువ. మా అమ్మమ్మా, అమ్మా తలకి గుడ్డ బిగించి కట్టుకుని, నుదుటికి శొంఠి పట్టు వేసుకుని వంటలు చేసినవాళ్ళే. అందుకే మా ఇంట్లో దాన్ని ఎవరూ జబ్బు అనలేదు. నెలకి పది పన్నెండు రోజులు మంచం పట్టడం మొదలయ్యాకే నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

ఇక్కడ కాగితం మీద మందులు రాయడం దాదాపు పోయింది. 2009 నుంచి మెడికేర్ పథకం కింద డాక్టర్లకి ప్రోత్సాహక డబ్బు ఇచ్చి మరీ ప్రభుత్వం కంప్యూటర్ చీటీలని అలవాటు చేసింది. డాక్టర్ మందు పేరు కొట్టగానే సాఫ్ట్‌వేర్ రెండు రకాల తనిఖీలు చేస్తుంది. మొదటిది, ఆ మందు మన ఒంటికి పడుతుందా అని. మనకున్న జబ్బులూ, ఎలర్జీలూ, వేసుకునే మిగతా మందులూ చూసి చెప్తుంది. రెండోది, మన ఇన్సూరెన్స్ వాళ్ళ మందుల జాబితాలో అది ఉందా, మనమెంత కట్టుకోవాలి, దానికంటే ముందు ఇంకేవైనా వాడి తీరాలా అని. ఈ జాబితాకే ఫార్ములరీ అని పేరు.

మా డాక్టరమ్మ ఇవ్వాలనుకున్నది మైగ్రేన్ కోసమే తయారుచేసిన ఒక ఇంజెక్షన్. ఆ రకం మందుల్లో మొదటిదానికి 2018లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. జాబితా ఒప్పుకోలేదు. ముందు పాత మందులు వాడి ‘ఫెయిల్’ అవ్వాలట. స్టెప్ థెరపీ అంటారు దీన్ని. మెట్లెక్కడమన్నమాట.

మొదటి మెట్టు ప్రొప్రనొలాల్. పేరు కొట్టగానే తెరమీద ఎర్రటి హెచ్చరిక: ఈమెకి ఉబ్బసం ఉంది. హడావిడిలో ఆవిడ మర్చిపోయింది, నేనూ చెప్పడం మర్చిపోయాను, యంత్రం మర్చిపోలేదు. ఆ హెచ్చరికకి నేను ఋణపడి ఉన్నాను. నాకు కోపం యంత్రం మీద కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండో మెట్టు టోపిరమేట్. మళ్ళీ హెచ్చరిక: గర్భం వచ్చే వయసు, పుట్టే బిడ్డకి పెదవి చీలే ప్రమాదం. కావలసిన హెచ్చరికే. డాక్టరమ్మ నన్ను రెండు ప్రశ్నలడిగి, ఒక్క నొక్కుతో దాన్ని దాటేసింది. ఈ మందుతో మాటలు తట్టకపోవచ్చనేది కూడా అందరికీ తెలిసిన విషయమే. దానికి మాత్రం తెరమీద ఏ రంగూ వెలగలేదు. నా గర్భసంచికి కాపలా ఉంది. నా నాలుకకి లేదు.

మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. ఫోన్లో “అదేనమ్మా, అదీ...” అని తడుముకుంటుంటే “ఏమిటే, నాకంటే ముందే నీకు మతిమరుపొచ్చిందా?” అని నవ్వింది అమ్మ. కాసేపాగి “పోనీ ఆ మందు మానెయ్యకూడదూ?” అంది. మానేస్తే మెట్టు ఎక్కినట్టు లెక్క కాదని అమ్మకి ఎలా చెప్పను? రెండు నెలలు వాడినట్టు ఫార్మసీ లెక్కల్లో కనబడాలి.

మూడు నెలల తర్వాత డాక్టరమ్మ తెరని నా వైపు తిప్పింది. ఇన్సూరెన్స్‌కి పంపే అర్జీలో కారణాలకి గడులున్నాయి. నాకు దగ్గరగా ఉన్న వాక్యం ఒక్కటే: ‘పేషెంట్ ఫెయిల్డ్ టోపిరమేట్’. వాక్యంలో కర్త ఎవరో వెతకడం నా వృత్తి. ఫెయిలైంది మందు కాదు, నేను! మనం “మందు పడలేదు” అంటాం. అందులో మందుకీ మనిషికీ పొసగలేదనే ఉంది, ఎవరి మీదా నేరం లేదు. ఈ వ్యాకరణం మాత్రం మనకి కొత్తదేం కాదు. కాపురం నిలబెట్టుకోలేకపోయింది, కడుపు నిలుపుకోలేకపోయింది... కర్త ఎప్పుడూ ఆడదే.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ప్రాణానికి సంబంధించిన హెచ్చరికని డాక్టర్ ఒక్క నొక్కుతో దాటొచ్చు. డబ్బుకి సంబంధించినదాన్ని దాటితే ఫార్మసీలో బిల్లు ఆగిపోతుంది. రెండూ ఒకే తెరమీద ఒకే అక్షరాల్లో ఉంటాయి కాబట్టి రెండూ వైద్యమే అనిపిస్తాయి.

అడుగున ఒక ఖాళీ గడి ఉంది. “ఇందులో నేను చెప్పినట్టు రాస్తారా?” అనడిగాను. ఆవిడ రాసింది: ఈమె భాష బోధిస్తుంది, పాఠం మధ్యలో మామూలు మాటలు మర్చిపోతోంది. పదకొండో రోజున అనుమతి వచ్చింది. ఆ వాక్యం ఎవరైనా చదివారో, మెట్లు పూర్తయ్యాయని ఇచ్చారో చెప్పలేదు. 2024 మార్చిలో అమెరికన్ హెడేక్ సొసైటీ, పాత మందులు వాడి చూడాలన్న షరతు లేకుండా ఈ రకం మందుల్ని మొదటే ఇవ్వొచ్చని ప్రకటించింది. కానీ జాబితాలు రాసేది ఆ సంఘం కాదు.

మాటలు తిరిగొచ్చాయి. అన్నీ వచ్చాయో లేదో తెలీదు. పోయిన మాట పోయిందని దాన్ని వెతుక్కున్నప్పుడే కదా తెలిసేది! ఆ మూడు నెలలూ నేనూ ఒక జాబితా రాసుకున్నాను: వాకిలి, జల్లెడ, ఉట్టి, మేనకోడలు, దిగులు... మొత్తం నలభై ఒక్క మాటలు. దాన్ని నా రికార్డులో చేర్చమని అడిగితే స్కాన్ చేసి పెట్టారు.

‘ఇతరములు’ కింద.